నెలకొక పెన్నీ: డానియేల్ ఓకానెల్ జీవితం



ఆదివారం పూజ ముగిసింది. దేవాలయ ద్వారం దాటి వస్తున్న ఒక పేద కౌలురైతు జేబులో నుండి చిల్లర నాణెం ఒకటి తీసి, చందా వసూలు చేస్తున్న మనిషికి ఇచ్చాడు. ఆ మనిషి పుస్తకం తెరిచి రైతు పేరు రాసుకున్నాడు. ఆ నాణెమూ, ఆ పేరూ కలిసి ఒక పెద్ద సామ్రాజ్యపు చట్టాన్ని మార్చాయంటే మీరు నమ్ముతారా? ఇది కట్టుకథ కాదు. సుమారు 200 సంవత్సరాల క్రితం ఐర్లండు దేశంలో విచారణ విచారణలో జరిగిన సంగతి. ఆ నాణెంలోని బలాన్ని కనిపెట్టినవారు డానియేల్ ఓకానెల్ అనే కథోలిక న్యాయవాది. 2025 ఆగస్టుతో ఆయన పుట్టి 250 సంవత్సరాలు నిండాయి.

ప్రజాస్వామ్యం అనగానే మనకు ఎన్నికలు, శాసనసభలు, కోర్టులు గుర్తుకు వస్తాయి. ఇవన్నీ అవసరమే. అయితే ప్రభుత్వం ఒక వైపు, ఒంటరి మనిషి ఒక వైపు నిలబడితే, ఆ మనిషి చేతిలో ఎన్ని హక్కుల కాగితాలు ఉన్నా ఆయన మాట వినేవారుండరు. ఆ ఇద్దరి మధ్య కుటుంబాలు, విచారణలు, సంఘాలు, సహకార సమితులు ఉండాలి. దీనినే పౌర సమాజం అంటున్నారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1991లో విశ్వలేఖ రాసినప్పుడు, ప్రజాస్వామ్యం నిలవాలంటే చట్టబద్ధమైన పాలనతోపాటు ఇటువంటి సంఘాల సజీవత్వం కూడా కావాలని బోధించారు. ఆ బోధ వెలువడడానికి 160 సంవత్సరాలకు ముందే దానిని ఆచరించి చూపిన సామాన్య విశ్వాసుల కథను ఈ వారం మీ ముందు ఉంచుతున్నాను.

శిక్షా చట్టాల నీడలో

ఓకానెల్ 1775 ఆగస్టు 6న ఐర్లండు నైరుతి మూలన ఉన్న కెర్రీ జిల్లాలో జన్మించారు. ఆ దేశంలో అత్యధికులు కథోలికులు. పాలన మాత్రం ఆంగ్లేయ ప్రొటెస్టెంటు ప్రభువులది. శిక్షా చట్టాలని పేరుపడిన శాసనాల కింద కథోలికులు పార్లమెంటులో కూర్చోరాదు, భూమి కొనరాదు, బడి పెట్టరాదు, ప్రభుత్వ పదవి చేపట్టరాదు. 1728లో ఓటు హక్కును కూడా తీసివేశారు. ఓకానెల్ పుట్టేనాటికి కొన్ని నిబంధనలు సడలుతున్నాయి. అయినా తన సొంత గడ్డ మీద కథోలికుడు చట్టం దృష్టిలో సగం మనిషిగానే ఉండేవాడు.

పుట్టిన కొద్ది కాలానికే ఆయనను ఆనాటి ఆచారం ప్రకారం ఒక ఐరిష్ భాష మాట్లాడే పేద కుటుంబంలో పెంపకానికి ఇచ్చారు. కనుక పేదల మాట, పేదల పాట ఆయనకు చిన్ననాడే అబ్బాయి. తరువాత సంతానం లేని పెదనాన్న మారిస్ ఓకానెల్ ఆయనను చేరదీసి చదివించారు. స్వదేశంలో కథోలికులకు తగిన ఉన్నత విద్య దొరకదు కాబట్టి 1791లో ఐరోపా ఖండానికి పంపారు. ఫ్రాన్సు దేశంలోని సెయింట్ ఓమేర్, దువే కళాశాలలలో చదువుతుండగా ఫ్రెంచి విప్లవం ముదిరింది. గురువులను చంపుతున్నారు, మఠాలను మూసివేస్తున్నారు. 1793 జనవరిలో, సరిగ్గా పదహారవ లూయీ రాజు శిరచ్ఛేదం జరిగిన రోజున, ఓకానెల్ సోదరులు దువే విడిచి బయలుదేరి, తరువాత ఓడ ఎక్కి బయటపడ్డారు. అదే ఓడలో ఒక ప్రయాణికుడు రాజు రక్తంలో ముంచిన రుమాలును గర్వంగా చూపించాడట. ఆ దృశ్యం ఆ యువకుని మనసులో జీవితాంతం ఉండిపోయింది.

లండనులో న్యాయశాస్త్రం చదివే రోజులలో ఆయన ఆనాటి స్వేచ్ఛావాదుల గ్రంథాలు విపరీతంగా చదివారు. కొంతకాలం విశ్వాసానికి దూరమయ్యారు కూడా. విలియం గాడ్విన్ గ్రంథం నుండి మాత్రం ఆయన ఒక మంచి భావాన్ని గ్రహించారు. ప్రజాభిప్రాయం కూడగట్టి, హింస లేకుండానే రాజ్య వ్యవస్థను మార్చవచ్చుననేది ఆ భావం. తరువాతి సంవత్సరాలలో విశ్వాసానికి తిరిగివచ్చి, తరచుగా దివ్యసత్ప్రసాదం స్వీకరించే భక్తునిగా జీవించారు.

1798 మే నెలలో ఆయన న్యాయవాదిగా నమోదయ్యారు. ఆ కొద్దిరోజులలోనే ఐర్లండులో సాయుధ తిరుగుబాటు చెలరేగింది. వేలాది మంది రైతులు హతులయ్యారు. ఫలితం ఏమిటంటే, 1801లో ఐర్లండు పార్లమెంటునే రద్దు చేసి ఆ దేశాన్ని బ్రిటనులో విలీనం చేశారు. విలీనమైతే కథోలికులకు హక్కులు వస్తాయని ఆశ చూపినవారు తరువాత మాట నిలబెట్టుకోలేదు. కత్తి పట్టినవారికి సమాధులు, మాట నమ్మినవారికి మోసం మిగిలాయి. ఇక మూడవ దారి ఏదైనా ఉందా? ఓకానెల్ జీవితమంతా ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే.

చేతికి అంటిన రక్తం

న్యాయవాదిగా ఆయనకు సాటి లేదు. కథోలికుడు కావడం వలన పెద్ద న్యాయవాదుల పట్టు అంగీ ఆయనకు దక్కలేదు. అయినా పల్లె ప్రజలకు మాత్రం ఆయనే పెద్ద వకీలు. దోషం కూడా లేకపోలేదు. ఆయన నాలుక పదునైనది, ప్రత్యర్థులను దారుణంగా ఎగతాళి చేసేవారు. 1815లో డబ్లిన్ నగర పాలక సంఘాన్ని ఆయన ఘాటుగా తూలనాడినందుకు, దాని సభ్యుడు డెస్టెర్ అనే వ్యక్తి ద్వంద్వ యుద్ధానికి పిలిచాడు. ఆనాటి పెద్దమనుషుల దురాచారం అది. తుపాకి గుండు తగిలి డెస్టెర్ రెండు రోజులకు మరణించాడు.

ప్రజలు జయజయధ్వానాలు చేశారు. ఓకానెల్ మాత్రం కుమిలిపోయారు. మృతుని భార్యకు తన ఆదాయంలో భాగం ఇవ్వజూపితే ఆమె నిరాకరించింది. కుమార్తెకు మాత్రం భృతి ఇవ్వడానికి ఒప్పుకున్నది. తాను చనిపోయేవరకు సుమారు ముప్పై సంవత్సరాలు ఆయన ఆ భృతి చెల్లించారు. ఇక మీదట ద్వంద్వ యుద్ధం చేయనని ప్రతిజ్ఞ చేశారు. దివ్యసత్ప్రసాదానికి వెళ్ళేటప్పుడు ఆ కుడిచేతికి తొడుగు వేసుకునేవారని చెబుతారు. రక్తపాతం వద్దని ఆయన తరువాత లక్షలమందికి చెప్పినప్పుడు అది పుస్తకాలలో చదివి చెప్పిన మాట కాదు. పశ్చాత్తాపపడిన మనిషి మాట అది.

పెన్నీ చందా

1823 మే నెలలో ఆయన కొద్దిమంది మిత్రులతో కలిసి డబ్లిన్‌లో కథోలిక సంఘం స్థాపించారు. సభ్యత్వ రుసుము సంవత్సరానికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు. అది వ్యాపారులకు, న్యాయవాదులకు మాత్రమే అందే రుసుము. సమావేశానికి కనీసం పదిమంది ఉండాలి. చాలాసార్లు ఆ పదిమంది కూడా రాక సమావేశం వాయిదా పడేది. 1824 ఫిబ్రవరిలో ఒకరోజు అలాగే జనం చాలకపోతే, ఓకానెల్ కింది అంతస్తులోని పుస్తకాల దుకాణానికి పరుగెత్తి, అక్కడ పుస్తకాలు చూస్తున్న మేనూత్ గురువిద్యాలయానికి చెందిన ఇద్దరు యువకులను పైకి లాక్కువచ్చి పదిమంది లెక్క పూర్తి చేశారని ప్రసిద్ధి. గురువర్గం వారికి సంఘంలో ఉచితంగా సభ్యత్వం ఉండేది.

ఆనాడు ఆయన ముందుకు తెచ్చిన పథకం చాలా చిన్నదిగా కనిపించింది. గినీ కట్టలేనివారు నెలకు ఒక పెన్నీ కట్టి సంఘంలో చేరవచ్చు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, అంటే సంవత్సరానికి ఒకే ఒక షిల్లింగు. బంగాళదుంపలు తిని బతికే కౌలుదారు కూడా దానిని ఇవ్వగలడు. విచారణ గురువులు ఆదివారం పూజలో ఈ సంగతి చెప్పేవారు. దేవాలయ ద్వారం దగ్గర వసూలు జరిగేది. ప్రతి పేరూ పుస్తకంలోకి ఎక్కేది. ఎక్కడెక్కడ ఎంత వచ్చిందో డబ్లిన్‌లో బహిరంగంగా చదివి, పత్రికలలో వేయించేవారు. కొద్ది నెలలలోనే సంఘం ఐర్లండు అంతటా వ్యాపించింది.

ఆ డబ్బు దేనికి వాడారు? అన్యాయంగా కౌలు నుండి తొలగించబడిన రైతుల తరఫున కోర్టులో వాదించడానికి, పార్లమెంటుకు విజ్ఞాపనలు పంపడానికి, పత్రికల ద్వారా నిజం చెప్పడానికి, పేదపిల్లల చదువుకు. ప్రియ పాఠకులారా, దీనికంటే ముఖ్యమైన మార్పు మరొకటి జరిగింది. పెన్నీ కట్టిన మనిషి మారిపోయాడు. అంతవరకు అతను భూస్వామి దయ మీద బతికే కౌలుదారు. ఇప్పుడు తన సంఘానికి తానే యజమాని. నా డబ్బు ఏమైందని అడిగే హక్కు అతనికి వచ్చింది. వచ్చే నెల మళ్ళీ కట్టాలి కాబట్టి మళ్ళీ మాట్లాడుకోవాలి, పత్రిక చదివించుకుని వినాలి. విధవరాలి రెండు కాసులను క్రీస్తు ప్రభువు ధనవంతుల కానుకలకంటె ఎక్కువగా ఎందుకు ఎంచారో ఈ సందర్భంలో మనకు బాగా అర్థమవుతుంది.

ప్రభుత్వం భయపడింది. 1825లో చట్టం చేసి సంఘాన్ని నిషేధించింది. ఓకానెల్ ఆ చట్టాన్ని అక్షరం అక్షరం చదివారు. విద్య, దానధర్మాలు వంటి పనులకు ఏర్పడే సంఘాలను ఆ చట్టం ఆపలేదని గమనించి, అవే ఉద్దేశాలతో కొత్త కథోలిక సంఘాన్ని నెలకొల్పారు. చట్టం మీద ఒక్క రాయి వేయలేదు. చట్టాన్ని చేసినవారికంటె తానే దానిని ఎక్కువ శ్రద్ధగా చదివారు. 1828 జనవరి 13వ తేదీ ఆదివారం నాడు ఐర్లండులోని చాలా విచారణలలో ఒకేసారి సభలు జరిగాయి. ఎక్కడా అల్లరి లేదు.

భూస్వామి ఎదుట నిలబడి వేసిన ఓటు

ఆనాటి ఓటు రహస్యం కాదు. ఓటరు వేదిక దగ్గరకు వెళ్ళి తన అభ్యర్థి పేరు అందరికీ వినబడేలా చెప్పాలి. పక్కనే భూస్వామి మనిషి నిలబడి వింటుంటాడు. 40 షిల్లింగుల విలువ గల జీవితకాలపు కౌలు ఉన్న చిన్న రైతులకు 1793 నుండి ఓటు ఉంది. అయితే వారు గొర్రెల మందలా భూస్వామి చెప్పిన పేరు చెప్పి వచ్చేవారు. లేదంటే కౌలు పోతుంది, పిల్లలు వీధిన పడతారు.

1826లో వాటర్‌ఫర్డ్ జిల్లాలో మొదటిసారి ఆ మంద కదిలింది. తరతరాలుగా అక్కడ రాజ్యమేలిన బెరెస్‌ఫర్డ్ కుటుంబాన్ని కాదని, కథోలికుల హక్కులను సమర్థించిన విల్లియర్స్ స్టూవర్ట్ అనే ప్రొటెస్టెంటు యువకుణ్ణి చిన్న రైతులు గెలిపించారు. కక్ష తీర్చుకున్న భూస్వాములూ ఉన్నారు. అటువంటి చోట్ల బాధిత రైతులను ఆదుకోవడానికి సంఘం ప్రత్యేక నిధిని ఏర్పాటు చేసింది. సంఘం అంటే అర్థం ఇదే. ధైర్యం చేయమని ఒకరికి చెప్పేవారు, ఆ ధైర్యం వలన వచ్చే నష్టాన్ని పంచుకోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి.

1828లో క్లేర్ జిల్లాకు ఉప ఎన్నిక వచ్చింది. పార్లమెంటు సభ్యునిగా ప్రమాణం చేయాలంటే పూజబలిని, అప్పద్రాక్షారసాలు క్రీస్తు శరీరరక్తాలుగా మారే సత్యాన్ని నిరాకరించాలి. కనుక కథోలికుడు సభలో కూర్చోలేడు. కాని అభ్యర్థిగా నిలబడకూడదని ఏ చట్టమూ చెప్పడం లేదు. ఓకానెల్ తానే నిలబడ్డారు. జూలై మొదటి వారంలో వేలాది రైతులు తమ విచారణ గురువుల వెంట ఎన్నిస్ పట్టణానికి నడిచి వచ్చారు. ఎన్నిక ముగిసేవరకు సారా ముట్టకూడదని నియమం పెట్టుకున్నారు. అంత జనంలో తగాదా లేకపోవడం చూసి, అల్లర్ల కోసం ఎదురుచూస్తున్న అధికారులు ఆశ్చర్యపోయారు. ఓకానెల్‌కు 2,057 ఓట్లు, ప్రభుత్వ మంత్రి ఫిట్జెరాల్డ్‌కు 982 ఓట్లు వచ్చాయి.

ప్రధాని వెల్లింగ్టన్ యుద్ధవీరుడు. నెపోలియన్ను ఓడించినవాడు. కాని ఒక దేశం దేశమంతా చట్టం లోపలే నిలబడి అడుగుతుంటే దానిమీద సైన్యాన్ని నడిపించడం ఎలా? 1829 ఏప్రిల్ 13న కథోలిక విమోచన చట్టం మీద రాజముద్ర పడింది. మే నెలలో ఓకానెల్ పార్లమెంటుకు వెళితే, ఆయన పాత చట్టం కింద ఎన్నికయ్యారు కనుక పాత ప్రమాణమే చేయాలన్నారు. ఆయన ఆ కాగితం తీసుకుని చదివి, ఇందులో ఒక భాగం అసత్యమని తనకు తెలుసునని, మరొక భాగం సత్యమని తాను నమ్మడం లేదని చెప్పి తిప్పి ఇచ్చివేశారు. మళ్ళీ క్లేర్ ప్రజల దగ్గరకు వెళ్ళి, పోటీ లేకుండా ఎన్నికై, 1830 ఫిబ్రవరిలో సభలో కూర్చున్నారు.

విజయానికి చెల్లించిన వెల

ఇక్కడ కథ ముగించి జయఘోష చేస్తే అది సగం చరిత్రే అవుతుంది. విమోచన చట్టంతోపాటే ప్రభుత్వం మరొక చట్టం తెచ్చింది. ఓటుకు కావలసిన ఆస్తి విలువను 40 షిల్లింగుల నుండి 10 పౌండ్లకు, అంటే ఐదు రెట్లు పెంచింది. ఐర్లండు జిల్లాలలో రెండు లక్షలకు పైగా ఉన్న ఓటర్ల సంఖ్య నలభై వేల లోపుకు పడిపోయింది. కౌలు పోతుందని తెలిసి కూడా వాటర్‌ఫర్డ్‌లో, క్లేర్‌లో ధైర్యంగా నోరు విప్పిన ఆ పేద రైతులే ఓటు పోగొట్టుకున్నారు. ఓకానెల్ మొదట అభ్యంతరం చెప్పారు కాని, విమోచన చేజారిపోతుందేమోనని గట్టిగా పోరాడలేదు. సంపన్న కథోలికులకు పార్లమెంటు తలుపు తెరుచుకున్నది. ఆ తలుపు తెరిచిన చేతులు బయటే ఉండిపోయాయి.

ఇది మన సంఘాలన్నింటికీ హెచ్చరిక. అందరి పెన్నీలతో సాధించిన హక్కును కొందరే అనుభవిస్తే, ఆ సంఘం పేరుకే సంఘం. చట్టం అంటే అందరి మేలు కోసం వివేకం చేసే ఏర్పాటు అని పునీత అక్వీనాసు తోమాసుగారు నేర్పారు. అందరి మేలు అన్నప్పుడు మొట్టమొదట లెక్కించవలసింది గుంపులో చివరి మనిషిని.

కోర్టు మెట్ల మీద

చట్టబద్ధ పాలన అనే పెద్ద మాటకు చిన్న ఉదాహరణ చెబుతాను. 1829 అక్టోబరులో కార్క్ జిల్లా డోనెరైల్ గ్రామానికి చెందిన కొందరు రైతులు, భూస్వాములను చంపడానికి కుట్ర పన్నారని కేసు నడిచింది. డబ్బుకు ఆశపడిన సాక్షుల మాట మీద మొదటి నలుగురికి ఉరిశిక్ష పడింది. మిగతావారి బంధువులు భయపడి, కెర్రీ కొండలలో డెరినేన్ ఇంటిలో విశ్రాంతి తీసుకుంటున్న ఓకానెల్ దగ్గరకు ఒక మనిషిని గుర్రం మీద పంపారు. ఆయన రాత్రంతా కొండదారిలో బండి తోలుకుని సుమారు 90 మైళ్ళు ప్రయాణించి, ఉదయం కోర్టుకు చేరారు. భోజనానికి కూడా సమయం లేక, కోర్టులోనే రొట్టె, పాలు తీసుకుంటూ వాదన విన్నారు. ఆయన క్రాస్ ఎగ్జామినేషన్ ముందు సాక్షులు తడబడ్డారు. రెండవ బృందం విషయంలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. మూడవ బృందం నిర్దోషులని తీర్పు వచ్చింది. మొదట ఉరిశిక్ష పడినవారి ప్రాణాలు కూడా నిలిచాయి, వారి శిక్షను ద్వీపాంతరవాసంగా తగ్గించారు.

చట్టం ఒక్కటే. న్యాయస్థానం అదే. అడిగే మనిషి లేనప్పుడు అది ఉరితాడయింది, అడిగే మనిషి వచ్చినప్పుడు అది రక్షణ అయింది.

తనవారి కోసం మాత్రమే కాదు

తన మతంవారి హక్కులు సాధించాక ఓకానెల్ ఇల్లు చేరి కూర్చోలేదు. కథోలికులకు అడిగిన మనస్సాక్షి స్వేచ్ఛ యూదులకు కూడా ఉండాలని బ్రిటిష్ పార్లమెంటులో వారి పక్షాన నిలిచారు. నల్లజాతి వారి బానిసత్వాన్ని తీవ్రంగా ఖండించారు. వెస్టిండీస్ తోటల యజమానుల పక్షాన ఉన్న సభ్యులు, బానిసల ఊసు ఎత్తకుండా ఉంటే ఐర్లండు విషయాలలో తమ ఓట్లు నీవే అని ఆశ చూపారట. ఆయన అంగీకరించలేదు. అమెరికాలోని ఐరిష్ వారి నుండి ఉద్యమానికి పెద్దఎత్తున విరాళాలు వచ్చేవి. బానిసత్వాన్ని విమర్శిస్తే అవి తగ్గుతాయని తెలిసీ ఆయన విమర్శించారు. దక్షిణ రాష్ట్రాలలో కొన్ని మద్దతు సంఘాలు మూతపడ్డాయి. 1845లో బానిసత్వం నుండి తప్పించుకుని వచ్చిన ఫ్రెడెరిక్ డగ్లస్ డబ్లిన్‌లో ఆయన ఉపన్యాసం విని ముగ్ధుడయ్యాడు.

ఒక వర్గం తన కోసం మాత్రమే హక్కు అడిగితే అది బేరం అవుతుంది. అదే హక్కును పొరుగువానికి కూడా అడిగినప్పుడు అది న్యాయం అవుతుంది. అల్పసంఖ్యాకులుగా జీవిస్తున్న మనం ఈ భేదాన్ని బాగా గుర్తుంచుకోవాలి.

క్లోంటార్ఫ్‌లో తిరిగిపోయిన జనం

1841లో ఆయన డబ్లిన్ నగర మేయరు అయ్యారు. రెండవ జేమ్స్ రాజు కాలం తరువాత ఆ పదవిలో కూర్చున్న తొలి కథోలికుడు ఆయనే. అప్పటికి ఆయన కొత్త ఉద్యమం ఆరంభించారు. ఐర్లండుకు తన పార్లమెంటు తిరిగి రావాలన్నది దాని ధ్యేయం. 1843లో మహాసభలు జరిగాయి. ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు, పూర్వపు రాజుల పీఠమైన టారా కొండ మీద జరిగిన సభకు ఏడెనిమిది లక్షలు, కాదు పదిలక్షలు వచ్చారని ఆనాటి అంచనాలు. లెక్క కొంత తగ్గించుకున్నా అది మహాసముద్రమే. థియొబాల్డ్ మాథ్యూ అనే కపూచిన్ గురువు నడిపిన మద్యపాన వ్యతిరేక ఉద్యమం వలన ఆ జనంలో తాగినవారు అరుదు.

చివరి మహాసభ అక్టోబరు 8వ తేదీ ఆదివారం డబ్లిన్ దగ్గర క్లోంటార్ఫ్‌లో జరగాలి. ముందురోజు మధ్యాహ్నం ప్రభుత్వం నిషేధం ప్రకటించింది. సైన్యాన్ని మోహరించింది, యుద్ధనౌకలు రేవులో నిలిచాయి. అప్పటికే దూరప్రాంతాల జనం దారిలో ఉన్నారు. ఓకానెల్ సభను రద్దు చేశారు. గుర్రపు రౌతులను అన్ని దారులకూ పంపి, జనాన్ని వెనుకకు మళ్ళించారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

యువకులలో చాలామంది దీనిని పిరికితనమన్నారు. ఉద్యమపు ఊపు ఆ రోజు నుండి తగ్గిన మాట కూడా నిజమే. అయితే ఆయుధం లేని రైతులను, స్త్రీలను, పిల్లలను ఫిరంగుల ముందుకు నడిపించి, ఆ శవాల మీద కీర్తి సంపాదించడం నాయకత్వమా? ప్రజల ప్రాణాలు నాయకుని సొత్తు కావు. ఆయన ఆ సాయంత్రం కోల్పోయిన పేరు ఆ తల్లులకు దక్కిన బిడ్డలతో పోలిస్తే ఏపాటిది?

సభ రద్దు చేసినా ఆయనను అరెస్టు చేశారు. జ్యూరీ జాబితా తయారీలో కొన్ని పేర్లున్న కాగితం తప్పిపోయింది. చివరకు పన్నెండుగురు సభ్యులలో ఒక్క కథోలికుడు కూడా లేడు. 1844 మే 30న ఏడాది జైలు, 2,000 పౌండ్ల జుర్మానా విధించారు. జైలుకు వెళుతూ ఆయన ప్రజలను శాంతంగా ఉండమని కోరారు. వారు ఉన్నారు. సెప్టెంబరు 4న లండనులోని ప్రభువుల సభ, అంటే ఆనాటి అత్యున్నత న్యాయస్థానం, ఆ తీర్పును కొట్టివేసింది. ఐదుగురు న్యాయ ప్రభువులలో ముగ్గురు ఆయన పక్షాన తీర్పు చెప్పారు. న్యాయశాస్త్రం తెలియని మిగతా ప్రభువులు, ఓకానెల్ అంటే గిట్టనివారే అయినా, ఓటు వేయకుండా ఆగిపోయారు. న్యాయ విషయాలలో సామాన్య ప్రభువులు జోక్యం చేసుకోరాదనే సంప్రదాయం అప్పటి నుండి స్థిరపడింది. శత్రువుల న్యాయస్థానం నుండే న్యాయం రాబట్టిన సంఘటన ఇది. ప్రజలు వీధిలో హింసకు దిగి ఉంటే ఆ ముగ్గురికి అంత ధైర్యం ఉండేదా?

చివరి యాత్ర

1845లో బంగాళదుంప తెగులుతో మహా కరువు మొదలైంది. తరువాతి సంవత్సరాలలో సుమారు పదిలక్షల మంది మరణించారు, అంతకంటే ఎక్కువమంది దేశం విడిచిపోయారు. 1847 ఫిబ్రవరిలో ఓకానెల్ చివరిసారిగా పార్లమెంటులో నిలబడి తన ప్రజలను కాపాడమని వేడుకున్నారు. ఒకప్పుడు కొండల మీద లక్షలమందికి వినిపించిన కంఠం అప్పుడు పక్కవారికి కూడా సరిగా వినబడలేదు. ఆ తరువాత రోము నగరానికి తీర్థయాత్రగా బయలుదేరారు. చేరలేకపోయారు. మే 15న ఇటలీలోని జెనోవాలో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం హృదయాన్ని రోముకు, దేహాన్ని ఐర్లండుకు చేర్చారు.

దేహాన్ని గ్లాస్‌నెవిన్ సమాధుల తోటలో ఉంచారు. ఆ తోట 1832లో ఆయన చొరవతో వెలసిందే. అంతకుముందు కథోలికులకు తమ మృతుల సమాధి దగ్గర తమ గురువుచేత ప్రార్థన చేయించుకోవడానికి కూడా అడ్డంకులు ఉండేవి. అన్ని మతాలవారికీ గౌరవంగా చోటు ఇవ్వాలనే నియమంతో ఆ తోటను తెరిచారు.

ఆ ఐర్లండు గాలి మన ప్రాంతానికి కూడా తగిలింది. 1851లో హైదరాబాదుకు తొలి అపోస్తలిక వికారు అయిన డానియేల్ మర్ఫీ పీఠాధిపతులు ఐర్లండులోని కార్క్ జిల్లావారు, మేనూత్‌లో చదివినవారు. పెన్నీ చందా కట్టిన తరంలో పెరిగినవారు మన నేల మీద దేవాలయాలు, బడులు కట్టారు.

ప్రియమైన కథోలిక కుటుంబాల వారలారా, మన దేశంలో ఓటు అందరికీ ఉంది, అది రహస్యంగా ఉంది. క్లేర్ రైతుకు లేని భద్రత ఇది. అంత భయంలో ఆ రైతు తన ఓటును కాపాడుకున్నాడు. అటువంటప్పుడు మనలో ఎవరైనా ఎన్నికల రాత్రి చేతిలో పడే నోటుకు ఓటును అప్పగిస్తే దానిని ఏమనాలి? ఆ రైతు తన సంఘానికి డబ్బు ఇచ్చి పౌరుడయ్యాడు. మనం డబ్బు పుచ్చుకుని పౌరసత్వాన్ని వదులుకుంటున్నామా?

ఈ ఆదివారం పూజ తరువాత కొద్దిసేపు ఆగి మీరే ఆలోచించండి. మీ విచారణ సంఘం, పొదుపు సంఘం, యువజన సంఘం సమావేశాలు క్రమంగా జరుగుతున్నాయా? చందా అందరూ కడుతున్నారా, లెక్కలు అందరి ముందు చదువుతున్నారా? మీ వీధిలో ఓటర్ల జాబితా నుండి పేరు పోయిన విధవరాలు ఉందా? కోర్టు కాగితం చదవలేక భయపడుతున్న కూలీ ఉన్నాడా? పింఛను కోసం తిరిగి తిరిగి అలసిన ముసలివారు ఉన్నారా? వారు మన మతంవారైనా కాకపోయినా, వారి వెంట ఒకరు కార్యాలయం దాకా నడిచి వెళ్ళగలరా? పదిమంది రావడం లేదని నిరుత్సాహపడకండి. ఓకానెల్‌కు కూడా పదిమంది రాలేదు. కింది అంతస్తుకు దిగి ఇద్దరిని పిలుచుకుని వచ్చారు.

పేదల పెన్నీని చిన్నచూపు చూడని ప్రభువు మన కుటుంబాలను, మన సంఘాలను, మన దేశ చట్టాలను కాపాడునుగాక.